మూడుసార్లూ ఎడమ రెక్క మీదే పడిన స్పిట్‌ఫైర్

ప్రశ్న: నేను ఆరు నెలలుగా రేడియో కంట్రోల్ ట్రైనర్ విమానం ఎగరేస్తున్నాను. ఎక్కించడం, తిప్పడం, దించడం బాగానే వచ్చాయి. ఆ ధైర్యంతో రెండు నెలలు కూర్చుని 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డుతో రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ కట్టాను. అసలు విమానంలో పదకొండో వంతు. రెక్కల పొడవు 102 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు 940 గ్రాములు. ప్యానెల్ గీతలు, కాక్‌పిట్, రంగులు అన్నీ వేశాను. సీజీ, అంటే విమానం బరువు తూకం కుదిరే బిందువు, రెక్క మొదట్లో ముందంచు నుంచి 8.5 సెంటీమీటర్ల దగ్గర ఉంది. మూడుసార్లు చేత్తో విసిరాను. మూడుసార్లూ ముక్కు పైకి లేచింది, ఎడమ రెక్క వాలింది, నేలకు కొట్టుకుంది. మూడోసారికి 9 అంగుళాల ప్రొపెల్లర్ తీసి 11 అంగుళాలది పెట్టాను. ఇంకా ఘోరంగా పడింది. ఫోమ్ బోర్డుతో యుద్ధ విమానాలు అసలు ఎగరవా? రెడీమేడ్ కొనుక్కోవడమే మేలా?

జవాబు: ఎగురుతాయి. మీదీ ఎగురుతుంది. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే మూడుసార్లూ ఒకేలా పడింది. ఒక్కోసారి ఒక్కోలా పడితే గాలిని అనుమానించాలి, చేతిని అనుమానించాలి, రేడియోను అనుమానించాలి. ఒకే తీరుగా పడిందంటే జబ్బు విమానంలోనే ఉంది, దొరుకుతుంది. పైగా మీరు కొలతలన్నీ రాశారు. ఆ కొలతల్లోనే జవాబు చాలావరకు ఉంది.

ముందు సీజీ సంగతి. స్పిట్‌ఫైర్ రెక్క అండాకారం కాబట్టి మొదట్లో వెడల్పు ఎక్కువ, కొసకు వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. అసలు విమానం రెక్కల వైశాల్యం 22.48 చదరపు మీటర్లు. పదకొండో వంతులో అది సుమారు 18.6 చదరపు డెసిమీటర్లు అవుతుంది. ఆ లెక్కన విమానం మధ్య గీత దగ్గర మీ రెక్క వెడల్పు 23 సెంటీమీటర్లు, సగటు వెడల్పు 20కి కాస్త తక్కువ. సీజీని చూడాల్సింది ఈ సగటు వెడల్పు మీదే. అందులో 25 నుంచి 30 శాతం మధ్య ఉండాలి. మీ రెక్కకు అది ముందంచు నుంచి 5.8 నుంచి 6.8 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. మీరు పెట్టింది 8.5. అంటే దాదాపు 39 శాతం. మీ విమానానికి తోక బరువు.

తోక బరువున్న విమానం ఎలా ప్రవర్తిస్తుందో మీరు మూడుసార్లు కళ్లారా చూశారు. ముక్కు కొంచెం లేస్తే చాలు, అది తిరిగి కిందికి రాదు, ఇంకా లేస్తుంది. మీరు స్టిక్ తోసేలోపే వేగం చచ్చిపోతుంది. ముక్కు బరువైతే విమానం బద్ధకంగా ఎగురుతుంది, దిగేటప్పుడు వేగంగా దిగుతుంది, అంతే. మొదటి ఎగురుడుకు నేనెప్పుడూ ఆ రెండు కొలతల్లో ముందు వైపుదే ఎంచుకుంటాను. మీరూ 5.8 దగ్గర మొదలుపెట్టండి. రెక్క అడుగున రెండు పక్కలా పెన్నుతో చుక్క పెట్టి, బ్యాటరీ లోపల పెట్టి, రెండు వేళ్ల మీద నిలబెట్టండి. ముక్కు ఒక్క పిసరు కిందికి వాలి ఆగాలి.

ఇప్పుడు అసలు కష్టం. సీజీని 2.7 సెంటీమీటర్లు ముందుకు తేవాలి. చాలామంది వెంటనే ముక్కులో సీసం పెడతారు. మీ విమానంలో సీజీ నుంచి ముక్కు దాకా సుమారు 20 సెంటీమీటర్లు అనుకుంటే, 125 గ్రాములకు పైగా సీసం కావాలి. ఇప్పటికే బరువెక్కువైన విమానానికి ఇంకో 125 గ్రాములు మోయించడం అన్యాయం. దయచేసి అది చేయకండి. బరువు ఎక్కడ ఎక్కువైందో అక్కడే తీయాలి. తోక భాగం సీజీకి సుమారు అర మీటరు వెనక ఉంటుంది. అక్కడ ఒక్క గ్రాము తీస్తే ముక్కులో రెండున్నర గ్రాములు పెట్టినంత పని చేస్తుంది.

తోకలో బరువు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే చేశాను. నేను కట్టిన మొదటి మస్టాంగ్ యుద్ధ విమానం తోకకు నున్నగా రావాలని పుట్టీ రాసి, గరుకు కాగితంతో రుద్ది, మూడు పూతలు రంగు వేశాను. నిలువు తోక, అడ్డం తోక విప్పి త్రాసులో పెడితే, అదే కొలతలో కోసిన కొత్త ముక్కల కంటే 22 గ్రాములు ఎక్కువ తూగాయి. ఆ కొత్త ముక్కలే అతికించి ఎగరేశాను. మీరూ ఆ పని చేయండి. పాత తోకను నమూనాగా ఉంచుకుని కొత్తది కోయండి. పుట్టీ వద్దు. అంచులకు సన్నటి టేపు చాలు. ఎలివేటర్ (అడ్డం తోక వెనకంచున పైకీ కిందికీ కదిలే పలక) కీలు కోసం బోర్డును ఒకవైపు కాగితం తెగకుండా కోసి, కదిలే అంచును 45 డిగ్రీలు ఏటవాలుగా చెక్కితే విడిగా కీలు అక్కర్లేదు.

ఫ్యూజలాజ్, అంటే విమానం మొండెం, దాని వెనక భాగంలో ఇంకో ఉపాయం ఉంది. ఫోమ్ బోర్డు బరువులో మంచి వాటా కాగితానిదే. తడి గుడ్డతో లోపలి వైపు కాగితాన్ని అద్ది, రెండు మూడు నిమిషాలు ఆగి, ఒక మూల గోరుతో లేపి చూడండి. కొన్ని బోర్డులకు అరటి తొక్కలా వచ్చేస్తుంది, కొన్నింటికి ముక్కలు ముక్కలుగా వస్తుంది, తంటా పడాలి. లోపలి కాగితం పోయిన బోర్డును బల్ల అంచు మీద నెమ్మదిగా లాగితే చక్కగా వంగుతుంది. స్పిట్‌ఫైర్ వీపు గుండ్రంగా రావడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలీదు. బరువూ తగ్గుతుంది, రూపమూ వస్తుంది. బయటి కాగితం మాత్రం ఉంచండి, బలమంతా దానిదే.

ఇలా తోకలో 25 గ్రాములు తీసి, 180 గ్రాముల బ్యాటరీని 8 సెంటీమీటర్లు ముందుకు జరిపితే లెక్క సరిపోతుంది. తోక వైపు 25 ఇంటూ 50, అంటే 1250. బ్యాటరీ వైపు 180 ఇంటూ 8, అంటే 1440. రెండూ కలిపితే 2690. మీకు కావాల్సింది 940 ఇంటూ 2.7, దాదాపు 2540. ఒక్క గ్రాము సీసం పెట్టకుండా పని జరిగిపోతుంది. బ్యాటరీకి చోటు లేకపోతే మోటార్ వెనక గోడకు కిటికీ కోసైనా చోటు చేయండి.

మొత్తం బరువు గురించి కూడా కొంచెం చెప్పాలి. మీ విమానంలో ఒక్కో చదరపు డెసిమీటరు రెక్క 50 గ్రాములు మోస్తోంది. అసలు స్పిట్‌ఫైర్ మార్క్ 1 ఒక్కో చదరపు మీటరుకు 115 కిలోలు మోసేది, అంటే మీ దానికి ఇరవై రెట్లకు పైనే. కానీ దానికి వెయ్యి గుర్రాల ఇంజిను, పొడవాటి రన్‌వే ఉన్నాయి. మీకున్నది ఒక చెయ్యి. నా లెక్క ప్రకారం 940 గ్రాముల దగ్గర మీ విమానం గంటకు సుమారు 33 కిలోమీటర్ల లోపు వేగంలో నిలబడదు. 800 గ్రాములకు తెస్తే ఆ వేగం 30కి దిగుతుంది. మూడు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ చేత్తో విసిరిన విమానానికి వచ్చే వేగం కూడా ఆ చుట్టుపక్కలే కాబట్టి, ఎగరడానికీ పడడానికీ తేడా ఆ మూడు కిలోమీటర్లలోనే ఉంది. మూడుసార్లు పడ్డాక అతికించిన హాట్ గ్లూ కూడా తక్కువేమీ తూగదు. అందుకని రెక్క కొత్తది కట్టమనే చెబుతాను. ఎలాగూ దాంట్లో ఇంకో మార్పు చేయాలి.

ఆ మార్పు పేరు వాషవుట్, అంటే రెక్క కొస ముందంచు కాస్త కిందికి ఉండేలా మెలితిప్పడం. ఎడమ రెక్క వాలడానికి సగం కారణం అది లేకపోవడమే. ఏ రెక్క అయినా గాలికి మరీ ఎక్కువ కోణంలో నిలబడితే గాలి దాని మీద అంటుకుని పారదు, విడిపోతుంది. దాన్నే స్టాల్ అంటాం. అది రెక్క మొదట్లో మొదలైతే ముక్కు మెల్లగా వాలుతుంది, భయం లేదు. కొసలో మొదలైతే ఆ రెక్క ధడేలున పడిపోతుంది. అండాకారపు రెక్కకు స్టాల్ ఇంచుమించు అంతటా ఒకేసారి వస్తుంది. స్పిట్‌ఫైర్ రూపకర్తలకు ఆ సంగతి తెలుసు. అందుకే రెక్కను మొదట్లో 2 డిగ్రీలు పైకి, కొసలో అర డిగ్రీ కిందికి ఉండేలా మెలితిప్పారు. పైలట్‌కు ముందు రెక్క మొదట్లో వణుకు తెలిసేది, కొస మాత్రం ఇంకా గాలిని పట్టుకునే ఉండేది. బొమ్మ విమానంలో ఈ మెలిక ఇంకా ఎక్కువ అవసరం. రెక్క ఎంత సన్నగా, ఎంత నెమ్మదిగా పోతే గాలి అంత తొందరగా దాన్ని వదిలేస్తుంది. మీ రెక్క కొసలు సన్నటివి, మీ వేగమూ తక్కువే.

ఫోమ్ బోర్డులో దీన్ని పెట్టడం మీరనుకున్నంత కష్టం కాదు. రెక్క పైపొర, కింది పొర అతికించే ముందు, మధ్యలో రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి అంటించి దూలంలా పెడతారు కదా. దూలానికి జిగురు వేసి పైపొర మడిచే ముందు రెక్కను చదునైన బల్ల మీద పెట్టండి. కొసకు 8 సెంటీమీటర్లు ఇవతల, వెనకంచు కింద ఫోమ్ బోర్డు పట్టీ ఒకటి దూర్చండి. అక్కడ రెక్క వెడల్పు సుమారు 12 సెంటీమీటర్లు. 5 మిల్లీమీటర్ల ఎత్తుకు అది దాదాపు రెండున్నర డిగ్రీలు అవుతుంది. ఇంచుమించు అసలు స్పిట్‌ఫైర్‌లో ఉన్నంతే! ఇప్పుడు పైపొర మడిచి, పుస్తకాలు బరువు పెట్టి, జిగురు పూర్తిగా చల్లారేదాకా కదపకండి. రెండో రెక్కకూ అదే పట్టీ, అదే చోట. తర్వాత రెక్కను కంటి ఎత్తుకు ఎత్తి వెనక నుంచి చూడండి. రెండు కొసలూ సమానంగా పైకి తిరిగి కనిపించాలి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే అసలు లేనిదానికంటే నష్టం. తేడా ఉందనిపిస్తే జిగురును వేడిచేసి మళ్లీ సరిచేయండి. ఈ ఒక్క పనికి ఒక సాయంత్రం మొత్తం పోయినా నేను బాధపడను.

ఈ ఎడమ రెక్క జబ్బు మీ ఒక్కరిదే కాదు. అమెరికా వాళ్ల కోర్సెయిర్ యుద్ధ విమానం దిగేటప్పుడు ఎడమ రెక్క ముందుగా స్టాలై వాలిపోయేది. చివరికి కుడి రెక్క ముందంచుకు చిన్న పట్టీ ఒకటి బిగించారు. దాంతో కుడి రెక్క కూడా ఎడమదాంతో పాటే స్టాల్ అయ్యేది, విమానం ఒకవైపుకు పడకుండా నేరుగా దిగేది. అంత పెద్ద విమానం కట్టినవాళ్లే ఆ బాధ పడ్డారు.

ఎప్పుడూ ఎడమవైపే ఎందుకు? ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే కుడివైపుకు తిరుగుతుంది. దానికి ఎదురుగా విమానం ఎడమవైపుకు దొర్లాలని చూస్తుంది. వేగం ఉన్నప్పుడు ఎయిలెరాన్లు (రెక్కల వెనకంచున కదిలే పలకలు) ఆ ఒత్తిడిని తేలిగ్గా ఆపుతాయి. చేతిలోంచి వదిలిన మొదటి క్షణంలో వాటి మీద గాలి చాలదు. మీరు 11 అంగుళాల ప్రొపెల్లర్ పెట్టినప్పుడు ఆ దొర్లించే బలాన్నే పెంచారు. అందుకే మూడోసారి ఇంకా ఘోరంగా పడింది. పైగా మోటార్ తాహతుకు మించిన ప్రొపెల్లర్ పెడితే మోటార్, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ రెండూ వేడెక్కి కాలిపోవచ్చు. మళ్లీ 9 అంగుళాలదే బిగించండి. మోటార్‌ను కుడివైపుకు 2 డిగ్రీలు, కిందికి 2 డిగ్రీలు వంచండి. వెనక నుంచి చూసినప్పుడు ఎడమవైపు స్క్రూల కింద ఒక సన్నటి వాషర్, పైవైపు స్క్రూల కింద ఒకటి పెడితే ఆ వంపు వచ్చేస్తుంది. ఈ పని ప్రొపెల్లర్ విప్పేసి చేయండి. బల్ల మీద ఉన్నంతసేపూ మోటార్‌కు ప్రొపెల్లర్ ఉండకూడదు.

ఇక విసరడం. మోటార్ ఆన్ చేయకముందు, గడ్డి బాగా పెరిగిన చోట, గాలికి ఎదురుగా నాలుగడుగులు పరుగెత్తి విమానాన్ని నేలకు సమాంతరంగా విసరండి. పైకి కాదు. నేరుగా జారుతూ వెళ్లి గడ్డిలో దిగితే సీజీ సరిపోయినట్టు. ముక్కు లేచి ఆగి పడితే బ్యాటరీ ఇంకొంచెం ముందుకు. నేరుగా ముక్కుతో గుచ్చుకుంటే ఎలివేటర్ రెండు మిల్లీమీటర్లు పైకి. ఇది బాగా వచ్చాకే మోటార్.

మోటార్‌తో విసిరేటప్పుడు వేరే మనిషి విసరాలి, మీ రెండు చేతులూ ట్రాన్స్‌మిటర్ మీదే ఉండాలి. వాళ్లు రెక్క వెనక, ఫ్యూజలాజ్ అడుగున పట్టుకోవాలి, ప్రొపెల్లర్ దరిదాపుల్లో వేళ్లు ఉండకూడదు. థ్రాటిల్ 70 శాతం. ఫుల్ పెట్టాలని మనసు పీకుతుంది, ఆగండి. వదిలాక రెండు సెకన్లు ఎలివేటర్ లాగకండి. విమానం ఒక అడుగు కిందికి జారినా సరే, వేగం అందుకోనివ్వండి. ఆ రెండు సెకన్లు నిజంగా టెన్షనే. మీ ముక్కు లేవడంలో కొంత వాటా ఆ టెన్షన్‌లో లాగిన స్టిక్‌ది కూడా అయ్యుండొచ్చని నాకనిపిస్తోంది.

ఒకవేళ ఎడమ రెక్క వాలడం మొదలైతే చెయ్యి సహజంగా కుడి ఎయిలెరాన్ కొడుతుంది. స్టాల్‌లో అది తప్పు. అప్పుడు ఎడమ ఎయిలెరాన్ కిందికి దిగుతుంది, అసలే గాలి వదిలేసిన కొసకు కోణం ఇంకా పెరుగుతుంది, ఆ రెక్క మరింత పడుతుంది. ముందు ఎలివేటర్ వదిలేయండి, కుడి రడ్డర్ (నిలువు తోక వెనక కదిలే పలక) ఇవ్వండి, వేగం వచ్చాక ఎయిలెరాన్. దీన్ని చేతికి అలవాటు చేయడానికి ట్రైనర్ మీద బాగా ఎత్తులో కావాలని స్టాల్ చేసి సాధన చేయండి. ఎయిలెరాన్ పైకి 12 మిల్లీమీటర్లు, కిందికి 8, ఎలివేటర్ అటూ ఇటూ 8, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు కదలికను మెత్తబరిచే ట్రాన్స్‌మిటర్ అమరిక) 30 శాతం పెట్టుకుంటే మొదటిరోజుకు సరిపోతుంది. వెళ్లేముందు కుడి స్టిక్ కొడితే కుడి ఎయిలెరాన్ పైకి లేస్తోందా అని పైకి చదువుతూ చూడండి. రెక్క కొత్తగా కట్టినప్పుడు సర్వో (ఆ పలకలను కదిలించే చిన్న మోటార్) తిరగబడటం చాలా మామూలు.

మూడుసార్లు నేలకు కొట్టుకున్న ఆ లైపో బ్యాటరీని ఒకసారి వేళ్లతో తడిమి చూడండి. ఏమాత్రం ఉబ్బినా, మూల నొక్కుకుపోయినా ఇక ఛార్జ్ చేయకండి. అది పైకి బాగున్నా ఛార్జ్ చేస్తున్నంతసేపు పక్కనే ఉండండి.

రెడీమేడ్ కొనాలా అని అడిగారు. ఎగరేయడం మాత్రమే కావాలనుకుంటే కొనండి, తప్పేమీ లేదు, చాలావాటి రెక్కల్లో ఈ మెలిక ముందే పెట్టి ఉంటుంది. కానీ మీ ఉత్తరంలో కాక్‌పిట్ గురించి, ప్యానెల్ గీతల గురించి ఎంత ప్రేమగా రాశారో చూశాక, మీకు కావాల్సింది కట్టడమే అనిపించింది. ఫోమ్ బోర్డు గొప్పతనం అదే కదా, విరిగిన రెక్కను ఒక్క షీటుతో మళ్లీ కోసుకోవచ్చు. తర్వాతి విమానంగా మాత్రం స్పిట్‌ఫైర్ కాలంనాటిదే మరో బ్రిటిష్ యుద్ధ విమానం హరికేన్ కట్టమంటాను. 1935లో మొదట ఎగిరిన ఆ విమానానికి అండాకారం తలనొప్పి లేదు. స్పిట్‌ఫైర్ రెక్కల కంటే దాదాపు ఒక మీటరు పొడవు ఎక్కువ, రెక్క మందం కూడా ఎక్కువ. కోయడం తేలిక, ఎగరేయడమూ తేలిక. ఫోమ్ బోర్డు విమానాల ప్లాన్లు ఇచ్చే ఫ్లైట్ టెస్ట్ అనే బృందం వాళ్ల ప్లాన్లలోలాగా మోటార్, ఈఎస్‌సీ విడిగా ఒక చిన్న పెట్టెలో పెట్టుకుంటే, స్పిట్‌ఫైర్‌లోంచి తీసి హరికేన్‌లో బిగించుకోవచ్చు.

రంగుల విషయం మిగిలింది. కొత్త రెక్కకు మామూలు స్ప్రే పెయింట్ కొట్టకండి, అందులోని ద్రావకం అంచుల్లో కనిపించే ఫోమ్‌ను తినేస్తుంది. నీళ్లతో కలిపే ఆక్రిలిక్, పైన ఒక్క పలుచటి పూత. తోకకు అదీ వద్దు, రంగు టేపు చాలు. అడుగున ఆకాశం రంగు వేయాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది, అసలు విమానానికి అలాగే ఉండేది. కానీ వంద మీటర్ల దూరంలో మబ్బు కింద అది పైకి తిరిగిందో, కిందికి తిరిగిందో మీకు తెలియదు. దానికి చరిత్రలోనే ఒక పరిష్కారం ఉంది. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు, సొంత సైన్యం పొరపాటున కాల్చకుండా మిత్రరాజ్యాల విమానాల రెక్కలకు, ఫ్యూజలాజ్‌కు నలుపు తెలుపు పట్టీలు వేశారు. మూడు తెలుపు, మధ్యలో రెండు నలుపు. హడావుడిగా బ్రష్షులతో పూసినవి చాలా వంకరగా కూడా ఉండేవి. మీరు రెక్క అడుగున మాత్రమే ఆ పట్టీలు అంటించండి, పైన వద్దు. నల్ల టేపు రెండు వరుసలు చాలు, తెలుపు బోర్డుదే ఉంటుంది. విమానం ఎటు తిరిగిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.